చింతపిక్కల టెలిఫోను

అనగనగా, ఎర్రమట్టి గుట్టలకీ ఏటికీ మధ్యన ఇరుక్కుని ఒక ఊరుండేది. ఊ కొట్టు అమ్మడూ. ఊ కొట్టకపోతే ఈ అమ్మమ్మ కథ సగంలోనే కునుకు తీస్తుంది. పొద్దున్నుంచీ నడుం వాల్చలేదు మరి.

ఆ ఊళ్ళో అందరూ కర్రతో బొమ్మలు చేసేవాళ్ళు. కర్రని మిషనుకి బిగిస్తే గిరగిరా తిరుగుతుంది. తిరిగే కర్రకి ఉలి ఆనిస్తే బొంగరమో, భరిణో, గిలక్కాయో అవుతుంది. ఆ తర్వాత రంగు కలిపిన లక్కముక్క ఆనిస్తే, ఆ ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. ఆఖర్న మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

ఊరి మధ్యన ఒక రేకుల షెడ్డు. అందులో ఏడు మిషన్లు. ఏడింటి మీదా మగవాళ్ళే. ఆడవాళ్ళు కింద చాప మీద కూర్చుని ఆకు రుద్దాలి. ఎందుకలాగ అని అడుగు. అడగాలి. అక్కడ ఎన్నో ఏళ్ళు ఎవరూ అడగలేదు.

ఏడో మిషను మీద పనిచేసే ముసలాయనకి ఒక్కతే కూతురు. పేరు నూకరత్నం. ఇంట్లో తాడుతో లాగే పాత మిషను ఉన్న రోజుల్లో, ఎనిమిదేళ్ళ వయసు నుంచీ తాడు లాగింది ఆ పిల్లే. తండ్రి ఆమెకి ఉలి పట్టడం నేర్పాడు. లక్కలో రంగు కలపడం నేర్పాడు. మూడోది ఇంకొకటి కూడా నేర్పాడు. బోలుగా తొలిచిన గిలక్కాయని బిరడాతో మూసే ముందు అందులో మూడు చింతపిక్కలు వెయ్యాలి. మరిచిపోతే తల మీద మొట్టికాయ. చప్పుడు రాని గిలక్కాయ ఇస్తే పసిపిల్ల మోసపోతుందమ్మా అనేవాడు.

కొన్నాళ్ళకి ఆ తండ్రి పోయాడు. అప్పుడు నూకరత్నం షెడ్డు పెద్ద వరహాలు మేస్త్రి దగ్గరికి వెళ్ళి, "మా అయ్య మిషను నాకియ్యండి" అంది.

మేస్త్రి నవ్వాడు. "చీర చెంగు బెల్టులో పడితే నీ శవాన్ని నేను మొయ్యాలేటి? పోయి ఆకు రుద్దుకో."

నూకరత్నం పోలేదు. షెడ్డు మెట్టు మీద కూర్చుంది. ఆషాఢమాసం, వాన. మొదటి వారం అందరూ నవ్వారు. రెండో వారం ఆమెని దాటుకుంటూ లోపలికి వెళ్ళారు. మూడో వారం పెద్ద ఆర్డరు ఒకటి వచ్చిపడింది, చేతులు చాల్లేదు.

అప్పుడు మేస్త్రి బయటికొచ్చి, "సరే, ఎక్కు. నీ చేతి సరుకు మూడుసార్లు తిరిగొచ్చిందా, మిషను దిగిపోవాల. మళ్ళీ మెట్టు మీద కూకోడాలు లేవు" అన్నాడు.

మిగతా ఆరుగురికీ ఆ షరతు లేదమ్మడూ. వాళ్ళ సరుకూ తిరిగొచ్చేది. పళ్ళెం వంకరని, మూత బిగువని ఎన్నిసార్లో వచ్చేది. ఎవడూ లెక్కపెట్టలేదు.

నూకరత్నం చీర మీద తండ్రి ఖాకీ చొక్కా తొడుక్కుంది. చెంగు బిగించి దోపుకుంది. మిషను ఎక్కింది. తలుపు పక్క మిషను అది, రేకు కారి వాన నీళ్ళు సరిగ్గా వీపు మీద పడేవి. మూడేళ్ళు అలాగే చేసింది. ఒక్క బొమ్మా తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏమైందంటే, జనం బొమ్మలు కొనడం తగ్గించారు. పిల్లలు ఆడుకునే వస్తువుల బదులు పెద్దవాళ్ళు చూసుకునే వస్తువులు అడగడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి ఒకావిడ కారులో దిగింది. పేరు హైమావతి. ఒక చేతిలో పాతకాలపు టెలిఫోను బొమ్మ ఉన్న కాగితం, ఇంకో చేతిలో పరదా గుడ్డ ముక్క. ఆ గుడ్డది ఉల్లిపొర రంగు.

"ఇలాంటి ఫోను కావాలి. గుండ్రంగా అంకెల చక్రం, పైన రెండు కొమ్ముల మీద రిసీవరు. పాతకాలం దానిలా ఉండాలి. కొత్తగా మెరవాలి. మా హాల్లో గోడలూ పరదాలూ సోఫా కాళ్ళూ అన్నీ ఈ రంగే. ఊరంతా తిరిగాను. కొట్లో పచ్చవి ఉన్నాయి, మీగడ రంగువి ఉన్నాయి, ఈ రంగు లేదు. ఉన్నవేమో ఇనప ముద్దలు. నాది సన్నటి గాజు అర, బరువు ఆగదు" అంది.

"తీగ ఎటువైపు రావాలమ్మగారూ?" అని నూకరత్నం అడిగింది.

"తీగెందుకు? మోగక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. చూడ్డానికంతే."

చాప మీద ఆకు రుద్దుతున్న ఎర్నమ్మ అనే పెద్దావిడ గొల్లున నవ్వింది. "మోగదు, మాట్లాడదు, మూల కూకుంటాది. అచ్చం మా ఇంటాయనే! ఒట్టినే ఇచ్చేస్తాను, అట్టుకుపోండమ్మా." షెడ్డంతా నవ్వులు.

హైమావతి మాత్రం నవ్వలేదు. ఆమె మొహం చూస్తే నవ్వి చాలాకాలమైనట్టుంది. కళ్ళ కింద నల్లటి చారలు. నూకరత్నం అది గమనించింది. అలిసినవాళ్ళని అలిసినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు కదా.

మేస్త్రి పని ఆమెకే అప్పజెప్పాడు. అప్పుడు నూకరత్నం అంకుడు కర్ర ఎంచుకుంది. పీఠం తొలిచింది, చక్రం చేసింది. రిసీవరుకి మధ్యలో పిడి, రెండు చివర్లా రెండు గుండ్లు. తేలిగ్గా ఉండాలని లోపలంతా బోలుగా తొలిచింది. జాఫ్రా గింజల ఎరుపులో కాస్త పసుపు కలిపి, తలుపు దగ్గర ఎండలో గుడ్డముక్క పక్కన పెట్టి చూసి చూసి రంగు పట్టించింది. ఎర్నమ్మ ఆకు రుద్దింది. ఆ ఫోను గడ్డిలో పొదిగి పెట్టెకెక్కి పట్నం పోయింది.

వారం తిరక్కుండా హైమావతి కారులో అది తిరిగొచ్చింది.

"ఇది ఉల్లిపొర రంగా? మా హాల్లో పెడితే ఇటుకలా ఉంది" అంది హైమావతి.

షెడ్డు తలుపు దగ్గర ఎండలో పెడితే మళ్ళీ ఉల్లిపొరే. నూకరత్నానికి అర్థం కాలేదు. మేస్త్రి మాత్రం జేబులోంచి సుద్దముక్క తీసి ఏడో మిషను వెనక గోడ మీద ఒక గీత గీశాడు.

అప్పుడు నూకరత్నం లక్కముక్కలు సంచిలో వేసుకుని పట్నం బస్సెక్కింది. ఆ హాలు చూడకుండా లాభం లేదు అనుకుంది. వెళ్ళి చూస్తే ఏముంది, పట్టపగలే పరదాలు మూసి పసుపుపచ్చ దీపాలు పెట్టుకున్నారు. ఆ వెలుగులో పెడితే ఉల్లిపొరేం ఖర్మ, వెన్నముద్ద కూడా ఇటుకలాగే ఉంటుంది! నూకరత్నం నేల మీద చతికిలబడి, ఆ దీపాల కిందే లక్కముక్కలన్నీ గోడకి ఆనించి పోల్చుకుంది.

ఇల్లు సర్దింది సర్దినట్టే ఉంది. పూలకుండీ కూడా ఆ రంగే. ఎక్కడా మనిషి కూర్చున్న గుర్తు లేదు.

దాహమేసి వెనక్కి వెళ్తే, వెనక గదిలో ఇనప మంచం మీద ఒక ముసలావిడ పడుకుని ఉంది. హైమావతికి అత్తగారు, కామేశ్వరమ్మ గారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. నోరు ఎండి పిడచకట్టింది. ఎడమచేత్తో ఒక చెమ్చా పట్టుకుని మంచం పట్టీ మీద కొడుతోంది. చప్పుడు రావడం లేదు. ప్లాస్టిక్ చెమ్చా అది.

నూకరత్నం గ్లాసుతో నీళ్ళు పట్టింది. ముసలావిడ గడగడా తాగి, చెమ్చా పైకెత్తి చూపించి, దాని వంకే కోపంగా చూసింది.

"ముందు స్టీలుది ఉండేది" అంది గుమ్మంలోంచి హైమావతి. "రోజంతా టంగు టంగుమని కొట్టేవారు. ఎవరైనా వస్తే తలెత్తుకోలేకపోయేదాన్ని. పనిమనిషి మానేసింది, మావారు నెలలో ఇరవై రోజులు క్యాంపులే. నేనొక్కదాన్ని ఎన్నిటికని పరిగెత్తను? అందుకే మార్చేశాను."

నూకరత్నం లక్కముక్కలు సంచిలోకి ఏరుకుంది. పొరుగూరి నుంచి పనికొచ్చిన మనిషి, ఏమంటుంది? తిరిగి బస్సెక్కింది. దారంతా ఆ చెమ్చాయే కళ్ళ ముందు ఆడింది.

ఆ తర్వాత రెండో ఫోను చేసింది. ఈసారి రంగు హాలు గోడలో కలిసిపోయింది. హైమావతి కబురు కూడా పంపింది, బాగుందని. నూకరత్నం హమ్మయ్య అనుకుంది.

పది రోజులకి కారు మళ్ళీ వచ్చింది.

"చుట్టాలొచ్చారు. వాళ్ళ పిల్ల దీన్ని చెవి దగ్గర పెట్టుకుంది. లోపల గలగలమని ఒకటే మోత. అందరూ నవ్వారు. లోపలేదో ఊడిపోయింది" అంది హైమావతి.

మేస్త్రి రిసీవరు చివర బిరడా ఊడదీసి బోర్లించాడు. అరచేతిలో మూడు చింతపిక్కలు పడ్డాయి.

చూశావా అమ్మడూ! మధ్యలో పిడి, రెండు చివర్లా రెండు గుండ్లు, లోపల బోలు. ఆ చేతులకి అది రెండు తలల గిలక్కాయే. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ పిక్కలు వేసిన చేతులు, వద్దనేలోపే వేసేశాయి. మొదటిదాంట్లోనూ ఉన్నాయి, ఎవరూ కదపలేదు గనక తెలియలేదు.

షెడ్డులో ఆరుగురు మగవాళ్ళూ కడుపు పట్టుకుని నవ్వారు. "అమ్మగారింటికి గిలక్కాయ పంపింది రా!" అన్నారు. మేస్త్రి పిక్కలు తిరిగి లోపల పడేసి బిరడా కొట్టి, ఆ ఫోను ఆమె ఒళ్ళోకి విసిరాడు. గోడ మీద రెండో గీత గీశాడు.

"ఇంకొక్కటే" అన్నాడు.

అప్పుడు నూకరత్నం చింతపిక్కల డబ్బాని వాసానికి కట్టేసింది. చెయ్యి అందకుండా, ఎత్తుగా. మూడో ఫోను మొదలుపెట్టింది. బిరడా మూసే వేళ చెయ్యి తనంతట తానే డబ్బా ఉండే చోటికి వెళ్ళింది. వెనక్కి లాక్కుంది. మళ్ళీ వెళ్ళింది. ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, మూడుసార్లు ఆగి, ఆఖరికి పిక్కలు లేకుండానే బిరడా కొట్టింది. తండ్రి ఉంటే తల మీద మొట్టికాయ పడేది. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

మూడోదాన్ని పెట్టెలో పంపకుండా తనే తీసుకుని బయల్దేరింది. సంచి అడుగున రెండోదాన్ని కూడా పెట్టుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

హైమావతి మూడో ఫోనుని గాజు అర మీద పెట్టింది. అటు జరిపి చూసింది, ఇటు జరిపి చూసింది, చెవి దగ్గర ఊపి చూసింది. చప్పుడు లేదు. "ఇప్పుడు కుదిరింది" అంది.

అక్కడితో పని అయిపోయింది. వెనక్కి తిరిగి వచ్చేస్తే మిషను భద్రం. కానీ నూకరత్నం కాళ్ళు వెనక గదివైపు నడిచాయి.

ముసలావిడ చెమ్చా మంచం కిందకి దొర్లిపోయింది. దానికోసం ఎడంచెయ్యి గాల్లో వెతుకుతోంది. ఎప్పట్నుంచి వెతుకుతోందో, ఎవరికి తెలుసు?

నూకరత్నం ఆ చేతిలో గలగలలాడే రిసీవరు పెట్టింది. "ఊపండమ్మా" అంది.

ముసలావిడ ఊపింది. గల గల గల. ఆగి రిసీవరు వంక చూసింది. మళ్ళీ ఊపింది. మూతి ఒకవైపే నవ్వింది.

హాల్లోంచి హైమావతి విసవిసా వచ్చింది. "ఏంటా మోత? నువ్వు చెడగొట్టిన సరుకు మళ్ళీ మా ఇంట్లోకి తెచ్చావా?"

ఇక నూకరత్నానికి ఆగలేదు. "నోరు పోయిన మనిషి చేతిలో చప్పుడు లేని చెమ్చా పెట్టేరమ్మగారూ. మీరు అలిసిపోయేరు, నాకు తెలుసు. మా ఇంట్లో మంచాన పడ్డ మా అమ్మకి అన్నీ నేనే ఎత్తి పోస్తున్నాను. అయినా ఇది మాత్రం నేను చూడలేను. కావలిస్తే మీరే ఆవిడ చేతిలోంచి లాక్కోండి."

హైమావతి మొహం ఎర్రబడింది. "వెళ్ళు. మీ మేస్త్రితో నేను మాట్లాడతాను" అంది.

నూకరత్నం బస్టాండుకి నడిచింది. ఎండలో కాళ్ళు కాలాయి. తండ్రి చొక్కా ఇక దండెం మీదకే అనుకుంది.

ఒకరోజు గడిచింది. రెండోరోజు గడిచింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఆమె ఉలి ఆగిపోయేది. మూడోరోజు పొద్దున్నే కారు వచ్చింది. హైమావతి దిగింది. చేతిలో మూడో ఫోను.

మేస్త్రి సుద్దముక్క తీశాడు. "దిగే" అన్నాడు.

నూకరత్నం తనే మిషను ఆపింది. పొట్టు తుడిచింది. ఉలిని నూనెగుడ్డలో చుట్టింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

అప్పుడు హైమావతి ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడింది. "నువ్వు వెళ్ళిన రోజు ఆవిడ ఊపడం మొదలుపెట్టారు. లాక్కుందామనే వెళ్ళాను. చూస్తే పక్క తడిసి ఉంది, ఎప్పటి నుంచో. మార్చి వచ్చాను. మళ్ళీ ఊపారు. తిట్టుకుంటూ వెళ్ళాను. కిటికీ ఎండ తిన్నగా కళ్ళలో పడుతోంది, తలుపు వేశాను. మూడోసారి ఊపారు. అరుచుకుంటూ వెళ్ళాను. ఏమీ లేదు. రిసీవరుతో మంచం పట్టీ మీద తట్టి చూపించారు, కూర్చోమని."

మూడో ఫోనుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఆ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. కూర్చున్నాను. నడుం నొప్పి పుడుతోందని అప్పుడు తెలిసింది నాకు."

"మరి ఇది తెచ్చారేమమ్మగారూ?" అంది నూకరత్నం, మూడో ఫోను చూపించి.

"హాల్లోంచి నేను వస్తున్నానని ఆవిడకి తెలియాలి కదా. నేను అరిస్తే ఆవిడకి కసిరినట్టే వినిపిస్తుంది. దీన్లో కూడా పిక్కలు వెయ్యి. ఆవిడ ఊపితే నేను తిరిగి ఊపుతాను."

నూకరత్నం స్టూలెక్కి వాసానికి కట్టిన డబ్బా విప్పింది. బిరడా ఊడదీసి మూడు పిక్కలు వేసి మూసింది. ఈసారి చెయ్యీ బుర్రా రెండూ ఒకేమాట మీద ఉన్నాయి. హైమావతి ఊపి చూసుకుని కారెక్కింది.

కారు వెళ్ళాక మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కథలు బాగున్నాయి. సరుకైతే మూడోసారి తిరిగొచ్చింది. మాట మాటే." గోడ మీదకి చెయ్యెత్తాడు.

అప్పుడు చాప మీద ఎర్నమ్మ చేతిలో మొగలి ఆకు కింద పెట్టేసింది. "చేతులు పీకుతున్నాయి మేస్త్రీ. ఇయ్యాల రుద్దలేను." పక్కనున్న ఆమె పెట్టేసింది. ఆ పక్కనున్న ఆమె కూడా. చాప మీద ఉన్న ఆడవాళ్ళందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు.

ఆరు మిషన్ల సరుకు వాళ్ళ ముందు కుప్ప పడింది. ఆకు పడని లక్క ఎలా ఉంటుందో తెలుసా? మట్టి కొట్టుకుపోయినట్టుంటుంది. మధ్యాహ్నం సరుకు ఎక్కించుకోడానికి లారీ రావాలి. మేస్త్రి కుప్పని చూశాడు, రోడ్డుని చూశాడు, గోడని చూశాడు. అన్నాల వేళకి సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"కూకో" అన్నాడు నూకరత్నంతో, మొహం అటు తిప్పుకుని.

"ఆ రెండు గీతలూ చెరపండి. చెరిపితే కూకుంటాను."

మేస్త్రి భుజం మీద తుండుతో గోడ తుడిచాడు. ఆ తర్వాత ఎర్నమ్మ ఆకు చేతిలోకి తీసుకుంది.

ఏంటమ్మడూ? గెలిచిందా అంటావా? మిషను దక్కింది. సంబరం ఏమీ లేదు. భుజాలు లాగుతున్నాయి, ఆకలి దంచేస్తోంది, సాయంత్రంలోగా ఇరవై బొంగరాలు చెయ్యాలి. చొక్కా సర్దుకుని మిషను ఆన్ చేసింది. పైన రేకు చిల్లు అలాగే ఉంది. దాని సంగతి రేపు అడగాలి అనుకుంది.

పట్నంలో ఆ ఇంట్లో ఇప్పుడు రెండు ఫోన్లు. హాల్లోది గోడకి సరిపోతుంది. వెనక గదిలోది చెమటకి రంగు వెలిసి, గోళ్ళ గీతలు పడి దేనికీ సరిపోదు. రెండింటికీ తీగ లేదు. అయినా ఒకటి గలగలమంటే రెండోది గలగలమంటుంది.

ఇంక కళ్ళు మూసుకో. రాత్రి దాహమేస్తే గట్టిగా పిలువు. అమ్మమ్మ విసుక్కుంటుంది, విసుక్కున్నా లేస్తుంది.

పిక్కలు మూడూ పిడిలోకి,
పిలుపు పోయె గదిలోకి,
కాళ్ళీడ్చుకుంటూ కథేమో కంచికి,
కళ్ళు మూసుకుని మనమేమో మంచానికి.